టెక్ సందేహాలు: నెట్ లేకపోయినా సమీకరణాలు సాధించే ఉచిత సాఫ్ట్‌వేర్

ప్రశ్న: రాజోలు దగ్గరి పల్లెలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాను. సమీకరణం టైప్ చేస్తే మూలాలు చెప్పే సులువైన ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలి. గాలివాన పడితే మా ఊళ్లో నెట్ ఉండదు కాబట్టి, అది లేకుండానే నా విండోస్ ల్యాప్‌టాప్‌లో పనిచేయాలి. ఏది మేలు?

జవాబు: మీకు మాక్సిమా సరిపోతుంది. అమెరికాలోని ఎంఐటీలో 1960ల చివర్లో మొదలైన ఒక బీజగణిత ప్రోగ్రాం దీనికి మాతృక. టెక్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో కన్నుమూసే వరకు దీని ఆలనాపాలనా చూశారు. 1998లో అనుమతి సంపాదించి, దీన్ని జీపీఎల్ లైసెన్సు (ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చనే స్వేచ్ఛా లైసెన్సు) కింద అందరికీ అందుబాటులోకి తెచ్చింది కూడా ఆయనే. అందువల్ల మీరు ఫీజు తీసుకుని పాఠం చెప్పినా వాడుకోవడానికి అభ్యంతరం లేదు. వాడకంలో ఇంతకన్నా తేలికైన మరో లెక్కల సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాను మొదట చెప్పకపోవడానికి కారణం ఇదే. అది వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే ఉచితం కనుక, ట్యూషన్‌లో వాడదలిస్తే దాని షరతులను ఒకసారి చదువుకోవడం మంచిది.

విండోస్ ఇన్‌స్టాలర్‌తో పాటు డబ్ల్యూఎక్స్‌మాక్సిమా అనే కిటికీ కూడా వస్తుంది. మీరు తెరవవలసింది దాన్నే. అందులోని ఈక్వేషన్స్ మెనూలో సాల్వ్ ఎంచుకుని, వచ్చిన గడుల్లో సమీకరణాన్నీ, చరరాశినీ నింపితే ఆదేశాన్ని అదే రాసుకుంటుంది. నేరుగా టైప్ చేయడం కూడా కష్టమేమీ కాదు. ఉదాహరణకు, పొడవు వెడల్పు కన్నా 40 గజాలు ఎక్కువగా ఉండేలా సరిగ్గా ఎకరంలో, అంటే 4840 చదరపు గజాల్లో, రొయ్యల చెరువు తవ్వించాలనుకుందాం. వెడల్పును ఎక్స్ అనుకుని, ఆంగ్లంలో చిన్న అక్షరాలతో సాల్వ్(ఎక్స్*(ఎక్స్+40)=4840, ఎక్స్) అని కొట్టి, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కండి. రెండు మూలాలూ 1310 వర్గమూలంతో కూడిన కరణుల రూపంలో వస్తాయి. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు కావలసిన రూపం అదే. తవ్వేవాడికి చెప్పాలంటే మాత్రం ఫ్లోట్ అనే ఆదేశం వాడి దశాంశాల్లోకి మార్చుకోవాలి. అప్పుడు ధన మూలం సుమారు 52.39 గజాలని తేలుతుంది.

పై ఉదాహరణలో ఎక్స్‌కూ కుండలీకరణానికీ మధ్యనున్న నక్షత్రం గుర్తును మరవకండి. కాగితం మీద మనం గుణకారం గుర్తును వదిలేస్తాం గానీ, ఇక్కడ వదిలేస్తే మాక్సిమా ఎక్స్‌ను ఒక ప్రమేయం పేరుగా భావించి అర్థంపర్థం లేని జవాబు ఇస్తుంది. 40 పక్కన నేరుగా ఎక్స్ రాస్తే తప్పని చెప్పి ఆగిపోతుంది కాబట్టి దానితో చిక్కు లేదు. మొదటి రకం పొరపాటే కనిపెట్టడం కష్టం. అలాగే ఇందులో లాగ్ అంటే 10 ఆధారంగా గల సంవర్గమానం కాదు, సహజ సంవర్గమానం. కోణాలను కూడా డిగ్రీల్లో కాక రేడియన్లలోనే ఇవ్వాలి.

అయిదో ఘాతం సమీకరణం ఇచ్చినప్పుడు సాల్వ్ ఒక్కోసారి దాన్నే తిప్పి మీ ముందు పెడుతుంది. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. అయిదో ఘాతానికి వర్గ సమీకరణానికున్నట్టు వర్గమూలం, ఘనమూలం వంటి గుర్తులతో రాసే సాధారణ సూత్రం ఉండదని నార్వే గణితవేత్త ఆబెల్ 1824లోనే నిరూపించాడు. అలాంటప్పుడు ఆల్‌రూట్స్ అనే ఆదేశం వాడితే సంకీర్ణ మూలాలతో సహా అన్నీ దశాంశాల్లో వస్తాయి. ఆక్టేవ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు కూడా మీరు వినే ఉంటారు. అది ప్రధానంగా సంఖ్యలతో పనిచేసేది కాబట్టి మీ పనికి అంతగా నప్పదు.

మాక్సిమాలో నాకు కనిపించే అసలు కొరత వేరే ఉంది. అది జవాబు చెబుతుంది గానీ, సోపానాలు చూపించదు. మీకు లెక్క వచ్చు కనుక ఇబ్బంది లేదు. పిల్లలు ఇంటి దగ్గర సోపానాలు చూసుకోవాలంటే ఫోన్ కెమెరాతో లెక్కను చదివే ఫొటోమ్యాథ్ ఉంది; మామూలు సోపానాలు ఉచితమే, లోతైన వివరణలకు మాత్రం డబ్బు కట్టాలి. ఇంటిపని మొత్తం దానితోనే కానిచ్చే ప్రమాదం ఉంది గనుక, లెక్క సొంతంగా చేసిన తర్వాతే దాన్ని తెరవమని చెప్పండి.

మాక్సిమాను దాని అధికారిక వెబ్‌సైట్ నుంచే దింపుకోండి. ఇన్‌స్టాలర్ పెద్దదే కాబట్టి నెట్ బాగున్న రోజు చూసుకుని దింపి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించినా మళ్లీ నెట్ కోసం చూడనక్కర్లేదు.