వృద్ధుల మతిమరుపును కొలిచే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి నల్లగొండలో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. మా అమ్మకు మతిమరుపు మొదలైనప్పటి నుంచి, పెద్దల జ్ఞాపకశక్తి ఏళ్లు గడిచేకొద్దీ ఎలా మారుతుందో కొలిచే రంగంలోకి వెళ్తానంటోంది. డాక్టరు కాకుండా ఇందులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే ఆ పని ఎంత సూక్ష్మమైనదో ముందు మీకు తెలియాలి. జ్ఞాపకశక్తిని, ఆలోచనను అంచనా వేయడానికి ఆస్పత్రుల్లో విరివిగా వాడే ఎంఎంఎస్ఈ అనే ప్రశ్నల పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. మొత్తం 30 మార్కులు. తారీఖు చెప్పాలి, విన్న మూడు మాటలను కాసేపాగి మళ్లీ చెప్పాలి, బొమ్మ చూసి గీయాలి. బడికి వెళ్లని ఒక అవ్వను తారీఖు అడిగితే "ఇయ్యాల ఏకాదశి గదా బిడ్డా" అంటుంది. తిథి సరిగ్గానే చెప్పినా ఆమెకు ఆ మార్కు రాదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దాయన బొమ్మ గీయలేకపోతే అది చేతి బాధే కావచ్చు, మెదడు లోపమని రాసేయకూడదు. ఇలాంటి చిక్కుల వల్లనే, చదువురాని వారికి సరిపోయేలా ఆ పరీక్షను హిందీలోకి మార్చి, హర్యానా పల్లెల్లో పరీక్షించి 1995లో ప్రచురించారు.

మార్పును కొలవడం ఇంకా కష్టం. మొదటిసారి 22 మార్కులు వచ్చిన వ్యక్తికి ఏడాది తర్వాత 24 వస్తే జ్ఞాపకశక్తి పెరిగిందనుకోకూడదు. అవే ప్రశ్నలు రెండోసారి వినడం వల్ల కలిగిన అలవాటు అందులో ఉంటుంది, ఆ అలవాటు అసలు తరుగుదలను కప్పిపెట్టగలదు. వినికిడి తగ్గడం, ముందు రాత్రి నిద్ర లేకపోవడం, ఈసారి వేరే మనిషి వచ్చి ప్రశ్నలు అడగడం కూడా ఒకటి రెండు మార్కుల తేడా తెస్తాయి. పైగా జబ్బు ముదిరినవారే తర్వాతి విడతలకు రాకుండా పోతారు గనుక, మిగిలినవారి సగటు చూసి ఊరంతా బాగుందని పొరబడతాం. ఇంటివారిని అడిగి తెలుసుకునే పద్ధతి ఉంది గానీ, పాలమూరు పల్లెల్లో కొడుకు బొంబాయిలో కూలి పనికి పోయి పండుగకే ఊరొస్తాడు; తల్లిలో వచ్చిన మార్పును అతడు ఎలా చెప్పగలడు? పోయినసారి కోడలు, ఈసారి పక్కింటావిడ జవాబు చెబితే ఆ రెండింటినీ పోల్చి చూడడం కుదరదు.

ఈ చిక్కులన్నీ విప్పడానికి గణాంకం కావాలి, మన యాస తెలిసి పెద్దల ముందు ఓపికగా కూర్చోగలిగిన మనిషీ కావాలి. మీ అమ్మాయిలో రెండూ ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంది. దేశంలో 45 ఏళ్లు దాటినవారి ఆరోగ్యం, జీవన పరిస్థితులను ఏళ్ల తరబడి అనుసరించే లాసి సర్వే మొదటి విడత 2017-18లో, జనాభాపై అధ్యయనం చేసే ముంబైలోని ఐఐపీఎస్ సంస్థ ఆధ్వర్యంలో జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించగా, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో వెల్లడైంది. ఇలాంటి పరిశోధనలకు లెక్క తెలిసినవారు తప్పనిసరి.

నా సలహా ఏమిటంటే, ముందు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ లేదా బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య, జీవశాస్త్ర సమాచారానికి వాడే గణాంకం) చేయించండి. ఒకే మనిషిని పదేపదే కొలిచిన సమాచారాన్ని విశ్లేషించే మిక్స్‌డ్ మోడల్స్ అనే గణాంక పద్ధతులను ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకోమనండి. రోగులను స్వయంగా పరీక్షించాలనుకుంటే అది వేరే దారి: సైకాలజీ చదివి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) ఆమోదించిన క్లినికల్ సైకాలజీ కోర్సు పూర్తిచేయాలి, చేరే ముందు ఆ ఆమోదం ఇప్పటికీ ఉందో లేదో చూసుకోవాలి. పరిశోధన ప్రాజెక్టుల్లో తొలి ఉద్యోగాలు చాలావరకు ఒప్పందం మీదే ఉంటాయి కాబట్టి మొదటి కొన్నేళ్లు మీ అండ అవసరం.

మీ అమ్మగారి విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. థైరాయిడ్, బి12 లోపం వంటి చికిత్స ఉన్న కారణాలతోనూ మతిమరుపు వస్తుంది, న్యూరాలజిస్టుకు చూపించండి. నానమ్మను పరీక్షించే పని అమ్మాయికి అప్పగించవద్దు. పాల డబ్బులు నానమ్మ తానే లెక్కపెట్టి ఇవ్వడం ఏ నెలలో మానేశారో, పొయ్యి మీద గిన్నె మరిచిపోవడం ఎప్పుడు మొదలైందో తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయమనండి, ఆ పుస్తకాన్ని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.