పిలవకపోయినా పలకండి

వేరే దేశం నుంచి దత్తత తెచ్చుకున్న బిడ్డతో సెలవులో ఇంట్లో ఉన్న తల్లిదండ్రుల ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: శిశుగృహం నుంచి పది నెలల పాపను తెచ్చుకుని మూడు వారాలైంది. ఒళ్లో పడుకోబెట్టుకుని పాలు పడితే ఒళ్లంతా బిగబట్టి మొహం తిప్పేసుకుంటుంది. మంచం మీద పడుకోబెట్టి సీసా చేతికిస్తే రెండు నిమిషాల్లో ఖాళీ చేసి, కాసేపటికి కక్కేస్తుంది. ఎలాగోలా తాగుతోంది కదా అని వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. సెలవు రోజుల్లో మీరు చేసే పనులన్నిటిలోకీ ఇదే ముఖ్యం. ఒక్క ఆయా చాలామంది బిడ్డలను చూడాల్సిన చోట సీసాను మడత పెట్టిన గుడ్డకు ఆనించి, పీక నోట్లో పెట్టి ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లిపోతారు. త్వరగా అయిపోవాలని పీక రంధ్రాన్ని పెద్దది చేయడమూ ఉంది. అలా పెరిగిన పాపకు పాలు తాగేటప్పుడు పక్కన ఒక మొహం ఉండటమే కొత్త. ధారగా పడే పాలను గుటకలు వేయడంతో బోలెడు గాలి కూడా లోపలికి పోతుంది. కక్కడానికి చాలాసార్లు కారణం అదే.

మొదట ఒళ్లోకి తీసుకోకుండా, వెనక్కి వాలిన సీట్లో కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చోండి. సీసా మాత్రం మీ చేతిలోనే ఉండాలి. పాప పట్టుకోబోతే ఆ వేళ్లను మీ వేళ్ల మీద ఉండనివ్వండి, మీరు సీసా వదలొద్దు. కొన్నాళ్లకు పిడికిళ్లు విచ్చుకుంటాయి, భుజాలు వదులవుతాయి. అప్పుడు మీరు గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్లు పైకి మడిచి, తొడల మీద పాపను మీవైపు తిప్పి పడుకోబెట్టండి. తల పొట్టకంటే ఎత్తులో ఉండాలి. ఇది కుదిరాకే చేతుల్లోకి, గుండెకు దగ్గరగా తీసుకోండి. ఒక్కో మెట్టుకు వారం పట్టినా తొందరపడకండి. కళ్లలోకి చూడాలని మొహాన్ని వెంటాడకండి. పాప చూసినప్పుడు నవ్వండి, చూపు తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి.

పీక సంగతి. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్క చుక్కగా, సుమారు సెకనుకు ఒక చుక్క పడాలి. ధార కడితే రంధ్రం పెద్దదన్నమాట. అయితే అలవాటైన పీకను ఒక్కసారిగా బాగా సన్నదానికి మార్చితే ఎంత పీల్చినా రావడం లేదని పాప సీసానే తోసేస్తుంది. అందుకని మధ్యరకం పీకతో మొదలుపెట్టి రెండు వారాల్లో నెమ్మది పీకకు రండి. ప్రతి 30, 40 మిల్లీలీటర్లకు సీసా వెనుకభాగాన్ని కిందికి వంచండి. పీక నోట్లోనే ఉంటుంది గానీ అందులో పాలు ఉండవు. పది సెకన్లు ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ ఎత్తండి. తాగాక ఇరవై నిమిషాలు భుజాన వేసుకోండి.

పాలపొడి మార్చాలనుకుంటే, పాతది దొరికే పక్షంలో మూడొంతులు పాతవి, ఒక వంతు కొత్తవి అని మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తిగా మార్చండి. రెండు పొడులనూ ఒకే సీసాలో వేయొద్దు. కొలచెంచాలు కంపెనీకొక తీరుగా ఉంటాయి కాబట్టి దేని డబ్బా మీదున్న లెక్క ప్రకారం దాన్ని విడిగా కలిపి, తయారైన పాలనే కలపండి. నీళ్లు మరిగించి అరగంటలోపు, అంటే ఇంకా 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకముందే వాడాలి, ఎందుకంటే పొడిలో ఉండే సూక్ష్మజీవులను చంపేది ఆ వేడే. ముందు నీళ్లు కొలిచి పోసి, తర్వాత చెంచా అంచుకు సమంగా గీసి పొడి వేయాలి. సీసాను చల్లటి నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. మిగిలిన పాలు పారబోయాలి, దాచొద్దు. బక్కగా ఉందని ఒక చెంచా పొడి ఎక్కువ వేయడం మాత్రం ప్రమాదం. మూత్రపిండాల మీద భారం పడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, మలం గట్టిపడుతుంది. బరువు పెంచే పద్ధతి డాక్టరుతో కలిసి నిర్ణయించాల్సిన విషయం.

మలంలో రక్తం కనిపించినా, ఆరేడు గంటలపాటు డైపరు తడవకపోయినా, కక్కే పాలు ఆకుపచ్చ రంగుకు మారినా వెంటనే చూపించండి.

ప్రశ్న: మా పాప అసలు ఏడవదు. రాత్రి మెలకువ వచ్చినా చప్పుడు చేయకుండా కళ్లు తెరుచుకుని పడుకుంటుంది. ఎవరు చేతులు చాచినా వెళ్తుంది. మా అత్తగారు ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఏదో వెలితిగా ఉంది.

జవాబు: మీ అనుమానం సరైనదే. ముందు వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి బాగుంటే, ఏడిస్తే ఎవరూ రారని పాప నేర్చుకుందని అనుకోవాలి. ఆ పాఠాన్ని చెరిపేయడానికి ఉన్న మార్గం ఒక్కటే: పిలవకముందే వెళ్లడం. నాలుగు రోజులపాటు పాప ఏ వేళకు లేస్తోందో, ఎప్పుడు తాగుతోందో కాగితం మీద రాయండి. ఒక తీరు కనిపిస్తుంది. ఆ వేళకు మీరే పక్కన ఉండి, కదలగానే చేయి వేసి పేరు పెట్టి పిలవండి. కాలు తన్నడం, వేళ్లు చప్పరించడం, తల అటూ ఇటూ ఊపడం, వీటన్నిటినీ ఏడుపు కిందే లెక్కపెట్టండి.

పాప మంచం మీ చేతికి అందేంత దగ్గరలో వేయండి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. దిండు, వదులు దుప్పటి వద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి. పదిమంది ఊపిరి చప్పుళ్ల మధ్య పడుకున్న బిడ్డకు మరీ నిశ్శబ్దంగా ఉన్న చీకటి గది భయం పుట్టిస్తుంది. చిన్న దీపం, ఫ్యాను చప్పుడు ఉండనివ్వండి. ఏడ్చి ఏడ్చి తనంతట తానే నిద్రపోతుందని వదిలేసే పద్ధతి ఈ బిడ్డకు వద్దు. కొన్ని వారాల తర్వాత పాప గట్టిగా ఏడవడం మొదలుపెడితే బెంబేలెత్తకండి. వస్తారన్న నమ్మకం కుదిరాకే బిడ్డ పిలుస్తుంది.

అందరి దగ్గరికీ వెళ్లడం కలివిడితనం కాదు. చేతులు మారడం తనకు అలవాటు, అంతే. కొన్ని నెలలపాటు ఎత్తుకోవడం, పాలు పట్టడం, డైపరు మార్చడం, దెబ్బ తగిలితే ఓదార్చడం మీ ఇద్దరే చేయాలి. అత్తగారికి ముందే చెప్పండి, నొచ్చుకోకుండా: ‘అత్తయ్యా, మీరు వంట చూసుకుంటే నేను పాపను వదలకుండా ఉండగలను. నన్ను గుర్తుపట్టాక మీ ఒళ్లోకే వస్తుంది.’ పాప ఆమె వైపు చేతులు చాస్తే, ‘అదిగో అమ్మ’ అంటూ మీవైపు తిప్పమనండి. కింద పడ్డప్పుడు మిమ్మల్నే వెతుక్కోవడం, మీరు గది దాటితే పేచీ పెట్టడం, కొత్తవాళ్లను చూసి మీ భుజంలో మొహం దాచుకోవడం కనిపించాక ఈ కట్టడి కొద్దికొద్దిగా సడలించవచ్చు.

ప్రశ్న: నాన్నను నేను. సెలవులో ఉన్నది మా ఆవిడ. నేను సాయంత్రం ఎత్తుకుంటే బాబు గుక్కపట్టి ఏడుస్తాడు.

జవాబు: ముందుగా ఒకరిని గట్టిగా పట్టుకోవడం మంచి సూచన, మీ మీద అయిష్టం కాదు. రోజూ ఒకే వేళకు ఒకే పని పూర్తిగా మీది చేసుకోండి. స్నానం బాగుంటుంది. నీళ్లంటే భయపడితే మొదట ఖాళీ తొట్టిలో బొమ్మలతో ఆడించి, తర్వాత 37 డిగ్రీల నీళ్లు ఐదారు సెంటీమీటర్లు పోయండి, ఒక చేయి ఎప్పుడూ బాబు వీపు కిందే ఉండాలి. తొలిరోజుల్లో ఆమె పక్కనే కూర్చుంటే చాలు, బాబును అందుకోకూడదు. ఆవిడ సెలవు ముగిశాక మీ సెలవు మొదలయ్యేట్టయితే, నెల ముందు నుంచే పగటి పాలు, నిద్ర ఒక్కొక్కటిగా మీ చేతికి రావాలి.

ప్రశ్న: అక్కడి రిపోర్టులన్నీ నార్మల్ అనే ఉన్నాయి. మళ్లీ పరీక్షలు చేయించాలా? వీపు మీద నీలి మచ్చలున్నాయి.

జవాబు: చేయించాలి, వచ్చిన రెండు వారాల్లోపు. రక్తహీనత, సీసం, థైరాయిడ్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, హెచ్‌ఐవీ, క్షయ, వేర్వేరు రోజుల్లో తీసిన మూడు మల నమూనాలు, వినికిడి, చూపు. ఏడాదిన్నర లోపు బిడ్డ రక్తంలో కన్నతల్లి యాంటీబాడీలు, అంటే రోగంతో పోరాడేందుకు ఆమె ఒళ్లు తయారుచేసుకున్నవి, ఉండవచ్చు. వాటిని వెతికే మామూలు పరీక్ష బిడ్డకు సోకకపోయినా సోకిందని చూపవచ్చు. అందుకే హెచ్‌ఐవీకి వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష అడగండి. బయలుదేరే ముందు సోకిన ఇన్‌ఫెక్షన్ తొలి పరీక్షలో దొరకకపోవచ్చు కాబట్టి హెపటైటిస్, హెచ్‌ఐవీ, క్షయ పరీక్షలు ఆరు నెలలకు మళ్లీ చేస్తారు. తిండి బాగా దొరికి ఒక్కసారిగా పెరిగేటప్పుడు ఐరన్ అవసరం ఎక్కువవుతుంది, దాన్నీ మళ్లీ చూడమనండి. టీకా కార్డులో తేదీలు, వయసు, మధ్య వ్యవధి సరిపోతేనే లెక్కలోకి తీసుకుంటారు, లేకపోతే మళ్లీ వేస్తారు.

నీలి మచ్చలు చాలావరకు పుట్టుమచ్చలే, కొన్నేళ్లలో వెలిసిపోతాయి. కానీ చూసినవాళ్లు కమిలిన దెబ్బలని పొరబడతారు. ఎక్కడెక్కడ, ఎంత సైజులో ఉన్నాయో డాక్టరుతో ఫైల్లో రాయించండి. అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు, రాత్రిపూట గోకుడు ఉంటే గజ్జి కావచ్చు. అదే అని తేలితే ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వాడాలి. మందు పనిచేశాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. దాన్ని చూసి మళ్లీ మళ్లీ రాయొద్దు.

ప్రశ్న: ఏళ్ల తరబడి ఎదురుచూశాం. తీరా పాప వచ్చాక నాకు ఏమీ అనిపించడం లేదు. ఎవరికీ చెప్పుకోలేను.

జవాబు: ఇది చాలామంది తల్లులకు, తండ్రులకు జరుగుతుంది. పరిచయం లేని ఒక చిన్న మనిషి మీ ఇంటికి వచ్చింది. ప్రేమ పుట్టేదాకా ఆగకుండా పాలు, స్నానం, ఎత్తుకోవడం కొనసాగించండి. పాపకు కావాల్సింది వాటిలోనే అందుతుంది. రోజుకు గంటన్నర పాప బాధ్యత పూర్తిగా మీ వారిది కావాలి, మీరు ఆ సమయంలో ఇంటిపని ముట్టుకోవద్దు. దిగులు రెండు వారాలు దాటినా, పాప పడుకున్నా మీకు నిద్రపట్టకపోయినా డాక్టరును కలవండి. పాపకో మీకో ఏదైనా హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ రోజే, వెంటనే వెళ్లండి. బిడ్డను కనలేదు కదా అని మీరే సర్దిచెప్పుకోవద్దు, డాక్టరు చెప్పినా ఊరుకోవద్దు. దత్తత తర్వాత కూడా డిప్రెషన్ వస్తుంది, దానికి చికిత్స ఉంది.