రామెన్ గిన్నె గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

జపాన్‌లోని ఫుకుఓకా నుంచి రామెన్ అనే నూడుల్స్ సూప్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇచిరాన్ రామెన్ హోటల్ ముందు క్యూలో నిలబడ్డ భాగం బాగుంది. గిన్నె నీ ముందుకొచ్చాక మాత్రం 'అద్భుతం', 'అమోఘం', 'మాటల్లో చెప్పలేను' అని సరిపెట్టేశావు. మాటల్లో చెప్పడమే కదా మన పని!

ఒక్కొక్కరే కూర్చుని తినే ఆ హోటల్ అరలో నేనూ కూర్చున్నాను. రెండు పక్కలా చెక్క పలకలు, ఎదురుగా వెదురు తెర. నూడుల్స్ ఎంత గట్టిగా ఉండాలి, వెల్లుల్లి ఎంత, కారం ఎంత అని కాగితం మీద సున్నాలు చుట్టి ఇచ్చాను. తెర కిందినుంచి రెండు చేతులు గిన్నె పెట్టాయి. ముఖం కనబడలేదు. తెర దిగిపోయింది. ఆ చేతులు నాకింకా గుర్తున్నాయి. నీ వ్యాసంలో అవి లేవు.

'ఎక్స్‌ట్రా నూడుల్స్ తెప్పించుకున్నాను' అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథంతా అక్కడే ఉంది. దాన్ని కాయెదామ అంటారు, మన మారు అన్నం లాంటిది. ఆ ఊళ్లోనే నగహామా చేపల మార్కెట్ దగ్గర పుట్టిన అలవాటది. అక్కడి పనివాళ్లకు తీరిక ఉండేది కాదు. అందుకే చిటికెలో ఉడికే సన్నటి నూడుల్స్ వాడారు. సన్నవి కాబట్టి సూప్‌లో అంతే త్వరగా మెత్తబడిపోతాయి. అందుకని ముందు కొంచెమే వేసి, అవయ్యాక మిగిలిన సూప్‌లో మళ్లీ వేసేవారు. ఈ సంగతి తెలిస్తే చదివేవాడికి ఆ గిన్నె వెనకున్న మనుషులు కనబడతారు.

ఇంకొకటి. అది పంది ఎముకల సూప్ అని నువ్వెక్కడా రాయలేదు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్ పడ్డావేమో. దాచకు. ఎముకలు గంటల తరబడి పెద్ద మంట మీద మరిగి, కొవ్వు నీళ్లలో కలిసిపోతేనే ఆ పాలలాంటి తెలుపు వస్తుంది. పంది ఎముకల సూప్‌తో రామెన్ 1937లో పక్కనున్న కురుమే ఊళ్లో ఒక బండి దగ్గర మొదలైంది. ఇష్టం లేనివాళ్లు తినరు, కానీ చదువుతారు.

వీలైతే ఇంకోసారి వెళ్లు. ఫోన్ జేబులోనే ఉంచు. మధ్యలో ఉండే ఎర్రటి కారం ముద్ద కలపకముందు ఒక గుక్క తాగు, కలిపాక ఒక గుక్క తాగు. మారు నూడుల్స్ పడ్డాక సూప్ పలచబడిందా, ఉప్పు తగ్గిందా చూడు. అదొక్కటి రాసి పంపు, చాలు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య