సోమవారం ఆఫీసుకు వెళ్లే ముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. "పోనీలే, పడుకో" అన్నాను కానీ ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. పాతికేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నదాన్ని, పోనీలే అని ఊరుకోవడం సరికాదనిపించింది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ బగ్ సంగతి, అంటే నీ ప్రోగ్రాములో దొరికిన తప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే అది తేలితే సగం టెన్షన్ తగ్గుతుంది. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆర్డర్లు రిపోర్టులో ముందు రోజు తేదీ కింద పడుతున్నాయన్నావు. నీ లాప్‌టాప్‌లో మాత్రం సరిగ్గానే వస్తున్నాయి. టీమ్ అంతా రోజూ కలిసే చిన్న మీటింగులో, అదే స్టాండప్‌లో, "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అన్నావు, అందరూ నవ్వారు. ఆ మాటకు ఏ ఆఫీసులోనైనా నవ్వుతారు, ఆ నవ్వినవాళ్లలో ఆ మాట అననివాళ్లు ఎవరూ ఉండరు. కానీ అందులో మంచి ఆధారం ఉంది. ఇక్కడ పనిచేసి అక్కడ పనిచేయడం లేదంటే రెండు చోట్లకీ ఉన్న తేడా ఏమిటో వెతకాలి. లైబ్రరీ వెర్షనా, సెట్టింగులా, డేటానా, గడియారమా?

నీ విషయంలో గడియారమే అనుకుంటున్నాను. నీ లాప్‌టాప్ మన టైమ్‌లో ఉంది. సర్వర్ బహుశా యూటీసీలో, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే టైమ్‌లో ఉంటుంది. మన టైమ్ దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. 5వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు వచ్చిన ఆర్డర్, సర్వర్ లెక్కలో 4వ తేదీ రాత్రి 8:30. అంటే రాత్రి 12 నుంచి 5:30 లోపు వచ్చినవి మాత్రమే తప్పుగా పడాలి. సోమవారం ముందుగా అది చూడు. 5:30 దాటాక వచ్చినవన్నీ సరిగ్గా ఉంటే దొరికినట్టే. డేటాబేస్‌లో యూటీసీలోనే ఉంచి, రోజువారీ లెక్క తీసేటప్పుడు, చూపించేటప్పుడు మాత్రం మన టైమ్‌లోకి మార్చు.

ఇక అసలు నిన్ను ఏడిపించిన సంగతి. మీ సీనియర్ నీ ఫోటో మీద "టైమ్ మెషీన్" అని రాసి స్టిక్కర్ చేసి టీమ్ గ్రూపులో పెట్టాడన్నావు. "అందరూ సరదాగానే తీసుకుంటారు పిన్నీ, నాకే చేతకావడం లేదేమో" అన్నావు చూడు, ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. నీకు చేతకాకపోవడం ఏమీ లేదమ్మా.

ఈ పనిలో నవ్వు లేకపోతే బతకలేం. రాత్రి 11 గంటలకు బిల్డ్, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా తయారుచేసే పని, ఫెయిలై, అమెరికా వాళ్లు కాల్‌లో ఎదురుచూస్తుంటే, పక్కవాడు ఒక్క మాట అని నవ్వించాడంటే ఆ రాత్రి గడుస్తుంది. ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన కోడ్ మీద, గంటకోసారి మారే రిక్వైర్‌మెంట్ మీద, శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్‌ను డిప్లాయ్ చేద్దామన్న, అంటే వాడుకలోకి వదులుదామన్న మేనేజర్ ఆలోచన మీద ఎంతైనా నవ్వుకోండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. మా ఆఫీసులో తెలుగువాళ్లమంతా ఎంత నవ్వుకున్నామో! ఆ కోడ్ రాసిన మనిషి ఎవరో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అదే నెలలో అప్‌డేట్ వచ్చి సరైపోయింది.

నీ ఫోటో మీద స్టిక్కర్ అలాంటిది కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు, నాకూ జరిగింది కాబట్టి.

1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం వచ్చేలోపు తేదీల లెక్కలు సరిచేసే వైటూకే ప్రాజెక్టులో చేరాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు ఉండేవి. 50 కంటే తక్కువ ఉంటే 2000లు, 50, ఆపైన అయితే 1900లు అనుకోమని కోడ్ మార్చేవాళ్లం. చాలా తేదీలకు అది సరిపోతుంది. నేను దాన్ని పుట్టినతేదీకి కూడా పెట్టేశాను. 1938లో పుట్టిన మనిషి 2038లో పుట్టినట్టు అయిపోయాడు. పింఛన్ లెక్కలో వయసు మైనస్‌లో వచ్చింది. టెస్టింగ్‌లో దొరికింది కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఆ రోజు నుంచి మా టీమ్‌లో ఒకతను నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. "పుట్టనివాళ్ల పింఛన్ వచ్చింది" అనేవాడు. క్యాంటీన్‌లో, లిఫ్ట్‌లో, క్లయింట్ వచ్చిన రోజున కూడా. నేనూ నవ్వేదాన్ని.

మూడు నెలల తర్వాత ఇంకో తప్పు చేశాను, చిన్నదే. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు మళ్లీ వినాల్సి వస్తుందని భయం. రెండు రోజులు ఒక్కదాన్నే రాత్రిళ్లు కూర్చుని సరిచేయబోయి ఇంకో రెండు ఫైళ్లు పాడుచేశాను. చివరికి మా లీడ్‌కు చెబితే ఆవిడ 20 నిమిషాల్లో దారి చూపించారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి "మొన్ననే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. ఆ వెక్కిరింపు పేరుతో పిలుస్తున్న సంగతి చెప్పాను. మర్నాటి నుంచి ఆ పేరు మళ్లీ వినబడలేదు. ఆవిడ అతనితో ఏం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను లీడ్ అయ్యాక ఏ మాటనైనా ఇలాగే తూచాను. ఈ మాట విన్న పిల్ల రేపు తన తప్పు వచ్చి చెబుతుందా, దాచుకుంటుందా? దాచుకునేలా ఉంటే ఆ మాట మా టీమ్‌లో ఉండకూడదు. ఊరి పేరు మీద, ఇంగ్లీషు యాస మీద, "అమీర్‌పేట బ్యాచ్" అని చదువు మీద వేసే మాటలు కూడా అంతే. ఇంకోటి, భోజనాల దగ్గర అందరూ తెలుగులో నవ్వుతుంటే పక్కన ఉన్న ఒడియా అమ్మాయికి తన గురించే అనిపిస్తుంది. నీ పక్కన అలాంటివాళ్లు ఉంటే ఆ జోకేమిటో చెప్పు.

సోమవారం మీ సీనియర్‌తో విడిగా మాట్లాడు. గ్రూపులో వద్దు. "బగ్ నాదే, సరిచేస్తున్నాను. దాని మీద ఎంతైనా నవ్వండి. నా ఫోటో మాత్రం తీసేయండి, నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పు. సారీ చెబుతూ మొదలుపెట్టకు, మధ్యలో నవ్వకు. చాలామంది అక్కడితో ఆపేస్తారు, అవతలివాళ్లకు బాధ కలిగిందని వాళ్లకు నిజంగా తెలియదు. ఆపకపోతే మేనేజర్ దగ్గరికి వెళ్లు. అది చాడీలు చెప్పడం కాదు.

కోడ్‌లో మార్పులు ఎవరు చేశారో చూపించే గిట్ బ్లేమ్‌లో నీ పేరు వచ్చిందని కూడా అన్నావు. ఆ లైన్‌ను చివరిసారి ఎవరు ముట్టుకున్నారో మాత్రమే అది చెబుతుంది. నువ్వు ఖాళీలు సర్దినా నీ పేరే వస్తుంది. పాత హిస్టరీ కూడా తిరగేసి చూడు. అయినా అది నీ తప్పే అని తేలితే, వేరేవాళ్లు కనిపెట్టేలోపు నువ్వే చెప్పెయ్. టోనీ హోర్ కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. తాను 1965లో ఒక ప్రోగ్రామింగ్ భాషలో పెట్టిన నల్ రిఫరెన్స్ (దేన్నీ చూపించని ఖాళీ గుర్తు) గురించి 2009లో అందరి ముందూ నిలబడి, అది తన బిలియన్ డాలర్ల తప్పు అని చెప్పాడు. ఆ మాట చదివిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

సహాయం అడగడానికి రోజంతా ఆగకు. గంటసేపు నువ్వు చూడు, తర్వాత అడుగు. "హాయ్" అని ఒక్క మెసేజ్ పంపి ఎదురుచూడకు. ఏం చేయబోయావో, ఏ ఎర్రర్ వచ్చిందో, ఏమేం ప్రయత్నించావో అన్నీ ఒకే మెసేజ్‌లో రాయి. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పంపకు, కాపీ చేసి పెట్టు, అవతలివాళ్లు వెతుక్కోగలుగుతారు. అడగడానికి ఎవరూ లేకపోతే మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పు. నేను ఏళ్ల తరబడి అదే చేశాను. అక్కకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా "ఊఁ, తర్వాత?" అంటూ వినేది. పైకి చెబుతుండగానే తప్పు ఎక్కడుందో నాకే తెలిసిపోయేది.

కాల్స్ రాత్రి 10 దాటుతున్నాయన్నావు, దాని గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం, అది వేరే పెద్ద కథ.

వచ్చే ఆదివారం ఇంటికి రా. లాప్‌టాప్ కూడా తెచ్చుకో. రాత్రి 11:59కి, 12కి, 5:29కి, 5:30కి వచ్చే ఆర్డర్లకు టెస్టులు ఇద్దరం కూర్చుని రాద్దాం. గోంగూర పచ్చడి కొత్తది కలిపాను, ఒక సీసా నీకు పక్కన పెట్టాను.

మీ పిన్ని