పెంపుడు జంతువుల మందుల ఖర్చు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే బాధను చెప్పుకున్నాయి. జబ్బేమిటో తెలిసింది, మందేమిటో కూడా తెలిసింది, దాన్ని నెలనెలా కొనే శక్తి మాత్రం చాలడం లేదు. ఒకే రకమైన ఉత్తరాలను కలిపి, అయిదు ప్రశ్నలుగా కుదించి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా కుక్కకు పదకొండేళ్ళు. గుండె కవాటం పాడై ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పి డాక్టరుగారు మూడు రకాల బిళ్ళలు రాశారు. మూడూ జీవితాంతం వాడాలట. రెండు నెలలు ఎలాగో కొన్నాం, ఇక మా వల్ల అయ్యేలా లేదు. ఈ మాట ఆయనతో చెప్పడానికి మొహమాటంగా ఉంది. రోజు విడిచి రోజు వేస్తే సరిపోతుందా?

జవాబు: రోజు విడిచి రోజు వేయకండి. ఇప్పుడు నాకు రాసిన ఈ నాలుగు వాక్యాలనే మీ డాక్టరుగారి ముందు యథాతథంగా చెప్పండి. మీ స్తోమత ఎంతో తెలియనంత వరకు ఆయన తన చేతికి అలవాటైన బ్రాండు పేరునే రాస్తూ పోతారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఈ అలవాటు ఉంది, నాకూ ఉంది. నెలకు ఎంతవరకు పెట్టగలరో నోరు తెరిచి చెప్పినప్పుడు, ఆ హద్దులో ఏ మందును తప్పనిసరిగా ఉంచాలో, దేనికి చౌకైన ప్రత్యామ్నాయం ఉందో, దేన్ని కొంతకాలం పక్కన పెట్టవచ్చో తేల్చి చెప్పగలిగేది జంతువును చూసిన ఆ వైద్యుడు ఒక్కరే.

మందుల పేర్లు మీరు రాయలేదు గాని, ఈ దశలో సాధారణంగా రాసేవి పిమోబెండాన్, ఫ్యూరోసెమైడ్, వాటితో పాటు ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్. వీటిలో ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్ మనుషులకు దశాబ్దాలుగా ఇస్తున్న మందులే కాబట్టి వాటి పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయి, అనేక కంపెనీలు అవే మందులను జెనరిక్ బిళ్ళలుగా, అంటే తొలి బ్రాండు కాని చౌక రూపంలో, తయారు చేస్తున్నాయి. అందువల్ల చీటీలో బ్రాండు పేరుకు బదులు మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్న వివరాలు రాసివ్వమని అడగండి. ఆ చీటీతో మనుషుల మందుల షాపుల్లో నాలుగు చోట్ల ధర విచారించవచ్చు. కొన్ని దేశాల చట్టాల ప్రకారం, జంతువుల కోసమే అనుమతి పొందిన మందు దొరుకుతున్నప్పుడు వైద్యుడు ముందుగా దాన్నే రాయాలి. ధర ఎక్కువన్న ఒక్క కారణంతో మనుషుల మందుకు మారే వీలుండదు. అక్కడ కూడా జంతువుల మందుల్లోనే చౌకైన జెనరిక్ ఉందా అని అడగడానికి అడ్డేమీ లేదు.

మూడింటిలో సాధారణంగా ఖర్చు ఎక్కువయ్యేది పిమోబెండాన్. చాలా దేశాల్లో ఇది జంతువుల మందుగానే దొరుకుతుంది. దీని విషయంలో తక్కువ ధరకు ద్రావణం కలిపి ఇస్తామనే వారి పట్ల జాగ్రత్తగా ఉండాలి. ఈ మందు బాగా కరగాలంటే ఆమ్లగుణం కావాలి. ఎవరికి వారు బిళ్ళలు నూరి సిరప్‌లో కలిపినప్పుడు, ఒక్కో చుక్కలో ఎంత మందు ఉంది, అది ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నదానికి భరోసా ఉండదు. మీ కుక్క బరువుకు సరిపడే మోతాదు పెద్ద బిళ్ళలో సగం అయితే, మధ్యలో గీత ఉన్న పెద్ద బిళ్ళను కొని విరవడం తరచుగా చౌక పడుతుంది. రెండు చిన్న బిళ్ళల ధరకంటే ఒక పెద్ద బిళ్ళ ధర తక్కువగా ఉండటం మందుల వ్యాపారంలో మామూలే.

ఇక మీరడిగిన రోజు విడిచి రోజు సంగతి. ఫ్యూరోసెమైడ్ ఊపిరితిత్తుల్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మందు. దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. మానిన రోజున నీరు మళ్ళీ చేరడం మొదలై, అర్ధరాత్రి ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తితే ఆ ఒక్క రాత్రి ఖర్చు నెలల తరబడి కొనే బిళ్ళల ఖర్చును మించిపోవచ్చు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ లెక్కపెట్టి రాసుకోండి. మామూలుగా అది 30కి లోపే ఉంటుంది. రెండు మూడుసార్లు లెక్కపెట్టినా 30 దాటుతుంటే అదే రోజు డాక్టరుగారికి తెలియజేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. పరీక్షల మధ్య వ్యవధిని నిశ్చింతగా పెంచడానికి కూడా ఆ లెక్కల పుస్తకం వైద్యుడికి ఆధారమవుతుంది.

ప్రశ్న: మా 25 కిలోల కుక్కకు థైరాయిడ్ తక్కువగా ఉందని లెవోథైరాక్సిన్ రాశారు. చౌక అవుతుందని చీటీ తీసుకుని మనుషుల మందుల షాపుకు వెళితే, మోతాదు తప్పుగా రాశారంటూ ఫార్మసిస్టు మందు ఇవ్వలేదు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ తమ తమ పరిధిలో సరిగ్గానే ఉన్నారు. మనుషుల్లో పెద్దవారికి ఈ మందు పూర్తి మోతాదు కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. కుక్కల్లో ఇది తక్కువగా ఒంటబట్టి త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి, కిలోకు 20 మైక్రోగ్రాములతో, రోజుకు ఒకటి రెండుసార్లు ఇవ్వడంతో చికిత్స ప్రారంభిస్తారు. ఆ లెక్కన మీ కుక్కకు ఒక పూటకే 500 మైక్రోగ్రాములు అవుతుంది. 70 కిలోల మనిషికి రోజంతటికీ సుమారు 112 చాలు. ఫార్మసిస్టు ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆయన మంచి ఉద్దేశంతోనే మోతాదును మనిషి లెక్కకు తగ్గించి ఇస్తే, కుక్కకు ఏ ప్రయోజనమూ ఉండదు. చీటీ మీద జంతువు జాతి, బరువు, మోతాదు సరిచూసి రాశామన్న ఒక వాక్యం, ఫోను నంబరు రాసివ్వమని మీ వైద్యుణ్ణి అడగండి. ఒక ఫోనుతో తీరిపోయే తగాదా ఇది.

బ్రాండు మారిస్తే నెలా రెండు నెలల్లో రక్తపరీక్ష మళ్ళీ చేయించాలి. బిళ్ళ వేసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయాలి. ఆ పరీక్ష ఖర్చును కూడా కలుపుకొని చూస్తే, నెలకో బ్రాండు మార్చడం వల్ల మిగిలేది ఏమీ ఉండదు.

మరొక విషయం అడగకుండా ఉండలేకపోతున్నాను. ఈ జబ్బును ఎలా నిర్ధారించారు? వేరే ఏ జబ్బు ఉన్నా, స్టెరాయిడ్లో ఫిట్స్ మందు ఫినోబార్బిటాలో వాడుతున్నా కుక్క రక్తంలో టీ4 (థైరాయిడ్ హార్మోను) తగ్గి కనిపిస్తుంది. టీ4 ఒక్కటే చూసి మందు మొదలుపెట్టి ఉంటే, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను), ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉండే టీ4) పరీక్షలు కూడా చేయించాలా అని వైద్యుణ్ణి అడగండి. అవసరం లేని మందును పదేళ్ళు కొనడం కంటే అవసరముందో లేదో ఒకసారి తేల్చుకోవడం మేలు.

ప్రశ్న: పద్నాలుగేళ్ళ పిల్లి కీళ్ళ నొప్పులతో కుంటుతోంది. పిల్లుల నొప్పి మందు చాలా ఖరీదు. ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళలో పావు వంతు ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. పావు కాదు, చిటికెడు కూడా ఇవ్వకూడదు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి చేరి, చిగుళ్ళు కమిలిపోయి, గంటల్లో ప్రాణం పోవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా పిల్లులకూ కుక్కలకూ పనికిరాదు.

మెలోక్సికామ్ అనే నొప్పి మందు మనుషులకూ జంతువులకూ ఉన్నదే కదా, మనుషుల బిళ్ళ తెచ్చుకుంటే పోదా అని మరో పాఠకురాలు అడిగారు. దీర్ఘకాలం వాడటానికి అనుమతి ఉన్న దేశాల్లో పిల్లికి ఇచ్చే మోతాదు కిలోకు 0.05 మిల్లీగ్రాములు. అంటే నాలుగు కిలోల పిల్లికి 0.2 మిల్లీగ్రాములు. మనుషుల బిళ్ళల్లో చిన్నది 7.5 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 37 రోజుల మందు. దాన్ని ఇంట్లో ఏ కత్తితో సమంగా ముక్కలు చేయగలరు? మోతాదు ఎక్కువైతే పిల్లి మూత్రపిండాలు చెడతాయి. పిల్లుల కోసం చేసిన, మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు ఉండే ద్రావణమే కొనండి. సీసా ధర చూసి బెదరవద్దు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 0.4 మిల్లీలీటరు చాలు గనుక, 15 మిల్లీలీటర్ల సీసా నెల దాటి వస్తుంది. కుక్కల ద్రావణంలో మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది, కనుక ఒకదాని కొలతతో మరొకటి ఇవ్వకండి.

ప్రశ్న: పిల్లికి షుగర్ వచ్చింది. రోజుకు రెండుసార్లు, రెండేసి యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్ ఇవ్వమన్నారు. పెద్ద సీసా కొంటే యూనిట్ ధర తగ్గుతుందని షాపులో చెబుతున్నారు. కొనమంటారా?

జవాబు: ముందు ఒక లెక్క చూడండి. మీ పిల్లికి రోజుకు 4 యూనిట్లు. 10 మిల్లీలీటర్ల యూ-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లు) సీసాలో 1,000 యూనిట్లు ఉంటాయి కాబట్టి, అది అయిపోవాలంటే 250 రోజులు పడుతుంది. అదే ఇన్సులిన్ పెన్నులో అమర్చే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లోని 300 యూనిట్లు 75 రోజులు వస్తాయి. తెరిచిన గ్లార్జిన్‌ను 28 రోజుల్లో వాడేయాలని తయారీదారులు ముద్రిస్తారు. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచి, మబ్బుగా మారకుండా ఉన్నంత వరకు అంతకంటే ఎక్కువ కాలం వాడుకోవడానికి చాలామంది పశువైద్యులు ఒప్పుకుంటారు. మీ వైద్యుడు ఎంతవరకు ఒప్పుకుంటారో అడిగి రాసుకోండి. తయారీదారు చెప్పిన గడువు లెక్కన పెద్ద సీసాలో ఎక్కువ భాగం పారబోయవలసిందే. యూనిట్‌కు చౌకగా ఉన్నది నెలకు ఖరీదు కావచ్చు. విడిగా కార్ట్రిడ్జ్‌లు అమ్ముతారేమో కనుక్కోండి.

సిరంజి దగ్గర మాత్రం పొదుపు చూడకండి. జంతువుల ఇన్సులిన్లు కొన్ని యూ-40 రకం, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. మనుషుల ఇన్సులిన్ సాధారణంగా యూ-100. యూ-40 గీతలున్న సిరంజితో యూ-100 ఇన్సులిన్ రెండు యూనిట్లు తీస్తే, పిల్లికి వెళ్ళేది అయిదు యూనిట్లు. ఆ పొరపాటుతో షుగర్ పడిపోయి మూర్ఛలు వస్తాయి. ఇన్సులిన్ మారినప్పుడల్లా సిరంజి కూడా మారాలా అని అడగడం మరవకండి.

ఒక ఆశ కూడా ఉంది. జబ్బు బయటపడిన తొలి నెలల్లో ఇన్సులిన్‌ను క్రమం తప్పకుండా ఇస్తూ, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే తడి ఆహారానికి మార్చిన పిల్లుల్లో కొన్నింటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. కుక్కల్లో ఇలా జరగడం అరుదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ ప్రభావాన్ని మొదట చూసింది కుక్కల్లోనే. వాటికి జీవితాంతం దాని అవసరం తప్పకపోవడం నాకు ఎప్పుడూ మనసుకు కష్టంగా తోచే సంగతి.

ప్రశ్న: మా కుక్కకు ఫిట్స్. ఫినోబార్బిటాల్ వాడుతున్నాం, ఇప్పుడు గాబాపెంటిన్ కూడా కలిపారు. చీటీ అడగకుండా ఇంటర్నెట్‌లో సగం ధరకు అమ్ముతున్నారు. ఒకేసారి ఆరు నెలలకు కొనుక్కోవచ్చా?

జవాబు: చీటీ అడగని అమ్మకందారు దగ్గర మూర్ఛ మందు కొనవద్దు. బిళ్ళలో ఉండవలసినంత మందు లేకపోతే, అది తెలిసేది మీ కుక్క కింద పడి కొట్టుకుంటున్నప్పుడే. ఫినోబార్బిటాల్ 1912 నుంచి వాడుకలో ఉన్న పాత మందు. చాలా చోట్ల చౌకగానే దొరుకుతుంది. అయితే నియంత్రిత మందుల జాబితాలో ఉంటుంది కాబట్టి, ఒకేసారి ఎంత ఇవ్వవచ్చన్నదానికి చట్టమే హద్దు పెట్టవచ్చు. మోతాదు కుదిరేదాకా రెండు వారాలకో నెలకో కొని, రక్తంలో మందు స్థాయి చూశాక మాత్రమే చట్టం అనుమతించినంత ఎక్కువ కొనడం తెలివైన పద్ధతి. మొదటి నెలలోనే మోతాదు మారితే మిగిలిన బిళ్ళలు దండగ. డబ్బులు లేవని ఏ రోజునా ఈ మందును హఠాత్తుగా ఆపవద్దు. ఆపితే ఒకదాని వెనక ఒకటిగా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండు రోజుల మందు మిగిలి ఉండగానే వైద్యుడికి చెప్పండి.

గాబాపెంటిన్ మనుషుల జెనరిక్‌గా తక్కువ ధరకే దొరుకుతుంది, చీటీ మీద అలాగే రాయించుకోండి. మందు వేయడం సులువని సిరప్ వైపు మాత్రం వెళ్ళకండి. మనుషుల గాబాపెంటిన్ సిరప్‌లలో కొన్నింటిని తీపి కోసం జైలిటాల్‌తో కలుపుతారు. అది కుక్కల్లో రక్తంలోని చక్కెరను హఠాత్తుగా పడగొట్టి, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. క్యాప్సూల్‌నే కొని, మింగించడం కష్టమైతే దాన్ని విప్పి పొడిని ముద్దలో కలపవచ్చా అని వైద్యుణ్ణి అడగండి. ఏ మందుకైనా సిరప్ తప్పనిసరి అయినప్పుడు, సీసా మీది పదార్థాల జాబితాలో జైలిటాల్ లేదని ఫార్మసిస్టు చేత చదివించుకున్న తరవాతే డబ్బు కట్టండి.