కోత పొట్టకు, నొప్పి భుజానికా?

పిత్తాశయం ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) అయిన మర్నాటి నుంచి మీ అమ్మగారికి కుడి భుజం లాగేస్తోందని, ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ బదులు మామూలు గాలి నింపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని అడిగారు. గాలి వాడరండి. అందులోని నైట్రోజన్ రక్తంలో సరిగా కరగదు. బుడగ రక్తనాళంలోకి జారితే ప్రాణాపాయం. ఆక్సిజన్ అయితే కరెంటుతో కాల్చే పరికరం పక్కన మంటను ఎగదోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మండదు, ఇట్టే కరిగి ఊపిరితో బయటికి పోతుంది. అందుకే దాన్నే సాధారణంగా 12-15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపుతారు.

చిక్కల్లా, అది తడి తగిలి కార్బానిక్ ఆమ్లమై విభాజక పటలాన్ని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొరను) చురచుర మనిపిస్తుంది. ఆ పొర సాగడమూ ఒక కారణమే. ఆ పటలం నరమూ భుజం నరాలూ మెడలో ఒకే చోట మొదలవుతాయి; అక్కడి నొప్పిని భుజానిదనుకుని మెదడు పొరబడుతుంది, పాపం. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. డాక్టరు సరేనంటే మెల్లగా నడిపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, పెరిగే కడుపునొప్పి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.