డాబా మీద పాచి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

ఫోటోలు చూశానమ్మా. డాబా మీద ఆ నల్లచారలు మసీ కాదు, మట్టీ కాదు, పాచి. ఎండినప్పుడు నల్లగా పెచ్చుకట్టి ఉంటుంది. చెంబెడు నీళ్లు పోసి కాసేపాగి చూడు: మెత్తగా ఉబ్బి, పచ్చదనం తేలి, వేలికి జిగురుగా తగులుతుంది. మొన్న కార్తీకంలో దీపం పెట్టడానికి మేడెక్కిన మీ అత్తయ్య జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నది దీనిమీదే. పని అయ్యేదాకా పిల్లల్ని పైకి రానివ్వకు.

మేస్త్రీ యాసిడ్ పోద్దాం అన్నాడని రాశావు. వద్దు. నేనూ ఓసారి పోశాను. బుసబుసా పొంగి తెల్లబడేసరికి సంబరపడ్డాను. అది పాచితోపాటు పైనున్న సిమెంటునీ తినేసింది. ఇసుక తేలి గరుకైంది. ఆ గరుకులో తేమ నిలిచి, మరుసటి వానాకాలానికి పాచి అంతకంతా పట్టింది.

బ్లీచింగ్ పౌడర్ చాలు. కొత్త ప్యాకెట్టే కొను, పాతబడితే ఘాటు పోతుంది. వానలేని రోజు పొద్దున్నే తడిపి, గట్టి చీపురుతో గీకెయ్యి. 10 లీటర్ల నీళ్లకి పావుకిలో కలిపి పోసి, 20 నిమిషాలు ఆరిపోకుండా చూసి, రుద్ది కడుగు. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాలి. అందులో యాసిడ్‌గానీ బాత్రూం క్లీనర్‌గానీ కలిపావో, క్లోరిన్ విషవాయువు లేస్తుంది. ఆ నీళ్లు తులసికోటలోకీ నూతిలోకీ పోనివ్వకు.

ఇంత చేసినా తడి ఉన్నచోట మళ్లీ వస్తుంది. నీ రెండో ఫోటో ఇంకోసారి చూడు. చార ట్యాంకు కింద మొదలై, దక్షిణం పిట్టగోడ నీడ వెంబడే సాగింది. ట్యాంకు రోజూ పొంగుతోందన్నమాట. ముందు ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బాల్‌కాక్ మార్పించు. తర్వాత డాబా అంతా నీళ్లు కొట్టి గంటాగు. ఎక్కడ నిలిచాయో దాని చుట్టూ ఇటుకముక్కతో గీత గీసి, మేస్త్రీకి చూపించు. 100 అడుగులకి అడుగైనా వాలు లేనిదే తూముకి నీళ్లు అందవు. తూములో కొబ్బరిపీచు, ఆకులు తీయించు. మీదికి వాలిన మామిడికొమ్మ కొట్టించు, మన కోనసీమలో ఆ మాత్రం ఎండ తగలకపోతే ఏదీ ఆరదు.

బాగా ఆరాక, మృగశిర కార్తె రాకముందే రెండు పూతలు సున్నం వేయించు. సున్నం ఉన్నన్నాళ్లు పాచి తొందరగా పట్టదు, కింద గదీ చల్లగా ఉంటుంది.

బాల్‌కాక్ మార్చిన వారానికి అదే చోట ఫోటో తీసి పంపమ్మా.

మీ మావయ్య